క్యాన్సర్‌పై పోరుకు కొత్త బాట వేసిన విశ్వవిద్యాలయ ప్రయోగశాల
టి కణాల కళ్లెంపై బర్క్‌లీ పరిశోధన - చికిత్సలో వచ్చిన మార్పు - మన దేశం ముందున్న కర్తవ్యం

(ప్రత్యేక వ్యాసం)

శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ క్యాన్సర్ కణాలను గుర్తించగలదా? గుర్తించగలిగినప్పుడు వాటిని ఎందుకు నిర్మూలించలేకపోతున్నది? వైద్య శాస్త్రవేత్తలను నూరేళ్లకు పైగా వేధించిన ప్రశ్నలివి. వీటికి అత్యంత ముఖ్యమైన సమాధానాలలో ఒకటి 1990వ దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీ ప్రాంగణంలోని ఒక ప్రయోగశాల నుంచి వెలువడింది. డాక్టర్ జేమ్స్ పి. అలిసన్ నేతృత్వంలోని ఆ ప్రయోగశాల క్యాన్సర్ ఔషధం కోసం అన్వేషణ ప్రారంభించలేదు. రక్తంలోని టి కణం ఎప్పుడు కదులుతుంది, ఎప్పుడు ఆగుతుంది అన్న మౌలిక విషయాన్ని మాత్రమే పరిశీలించింది. ఆ పరిశీలన ఫలితంగానే నేడు ప్రపంచవ్యాప్తంగా వినియోగంలో ఉన్న ఒక సరికొత్త చికిత్సా విధానం రూపుదిద్దుకున్నది.

ఈ చికిత్సను ఇమ్యునోథెరపీ అని వ్యవహరిస్తున్నారు. మన రాష్ట్రాలలోని ఆసుపత్రులలోనూ, పత్రికలలోనూ ఈ మాట తరచుగా వినవస్తున్నది. దీనిపై ఆశలతో పాటు అపోహలు కూడా ప్రచారంలో ఉన్న దృష్ట్యా ఈ చికిత్స పూర్వాపరాలను, దాని శక్తిని, పరిమితులను పాత్రికేయులు, అధికారులు సమగ్రంగా తెలుసుకోవలసిన ఆవశ్యకత ఉన్నది.

నూరేళ్ల సందేహం

క్యాన్సర్ బయటి నుంచి వచ్చే సూక్ష్మజీవి కాదు. మన శరీర కణాలే జన్యుపరమైన మార్పులకు లోనై, అదుపు తప్పి విభజన చెందడమే క్యాన్సర్. తన సొంత కణాలపై దాడి చేయకపోవడం రోగనిరోధక వ్యవస్థ ప్రాథమిక ధర్మం. అందువల్ల అది క్యాన్సర్‌ను శత్రువుగా గుర్తించే అవకాశమే లేదని పలువురు భావించారు.

అయితే ఇందుకు విరుద్ధమైన సూచనలు కూడా తొలి నుంచీ లభిస్తూ వచ్చాయి. న్యూయార్క్‌కు చెందిన శస్త్రవైద్యుడు విలియం కోలీ 1891లో ఒక రోగి కణితిలోనికి బాక్టీరియాను ఎక్కించి, తద్వారా రేగిన జ్వరం, వాపుల ప్రభావంతో కణితి తగ్గుముఖం పట్టడాన్ని గమనించారు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త మాక్‌ఫర్లేన్ బర్నెట్ రోగనిరోధక వ్యవస్థ నిరంతరం కాపలా కాస్తూ, అప్పుడప్పుడే పుట్టే క్యాన్సర్ కణాలను తొలగిస్తుందన్న భావనను 1957లో ప్రతిపాదించారు. మన దేశంలో పుట్టిన బిడ్డలకు క్షయ నివారణకై వేసే బి.సి.జి. టీకా మందునే మూత్రాశయపు లోపొరలో ఏర్పడే క్యాన్సర్ చికిత్సకు ఉపయోగించవచ్చునని 1976లో వెల్లడైంది. ఆ చికిత్స నేటికీ అమలులో ఉన్నది.

కాని 1970వ దశకంలో ఎలుకలపై జరిపిన కొన్ని ప్రయోగాలు బర్నెట్ భావనను బలపరచలేదు. క్యాన్సర్ టీకాల ప్రయత్నాలు కూడా ఒకటి వెంట ఒకటిగా నిరాశ కలిగించాయి. రోగనిరోధక శక్తిని ఇంకా ఇంకా ప్రేరేపించడం పైనే ఆ రోజులలో శాస్త్రవేత్తల దృష్టి కేంద్రీకృతమైంది. దానిని ఏదైనా శక్తి వెనుకకు పట్టి ఉంచుతున్నదా అన్న ఆలోచన ఇంకా రాలేదు.

టి కణం పనిచేసే తీరు

తెల్ల రక్తకణాలలో ఒక రకమైన టి కణాలు థైమస్ గ్రంథిలో పరిణతి చెంది శరీరమంతటా సంచరిస్తూ ఉంటాయి. ప్రతి టి కణం ఉపరితలంపై ఒక ప్రత్యేక గ్రాహకం ఉంటుంది. ఇతర కణాలు తమ లోపలి మాంసకృత్తుల తునకలను బయటకు ప్రదర్శిస్తాయి. ఈ గ్రాహకం ఆ తునకలను తడిమి చూసి, అవి తనవా, పరాయివా అన్నది తేల్చుకుంటుంది. ఈ గ్రాహకపు మాంసకృత్తును తొలిసారిగా గుర్తించిన వారిలో అలిసన్ ఒకరు. 1982లో టెక్సాస్‌లో ఉండగా ఆయన ఆ ఫలితాన్ని ప్రచురించారు. తదుపరి 1985లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరారు.

గ్రాహకం పరాయి తునకను గుర్తించినంత మాత్రాన టి కణం దాడికి దిగదు. దానికి రెండవ అనుమతి కూడా అవసరం. ప్రభుత్వ కార్యాలయంలో ఒక ఫైలుపై రెండు సంతకాలు ఉంటేగాని ఉత్తర్వు వెలువడనట్లే ఇది కూడా. టి కణం మీద ఉండే సి.డి.-28 అనే అణువు, ఎదుటి కణంపై ఉండే బి-7 అనే అణువుతో జతపడినప్పుడే ఆ రెండవ సంతకం పడుతుంది. ఈ విషయాన్ని నిరూపించడంలో బర్క్‌లీ ప్రయోగశాల 1992లో ముఖ్యపాత్ర వహించింది.

ఇదే సమయంలో సి.టి.ఎల్.ఎ.-4 అనే మరొక అణువు శాస్త్రవేత్తలకు చిక్కుముడిగా మారింది. ఫ్రాన్స్‌కు చెందిన పరిశోధకులు దీనిని 1987లోనే కనుగొన్నప్పటికీ, ఇది ఏమి పని చేస్తున్నదో తెలియలేదు. ఇది చూడటానికి సి.డి.-28ను పోలి ఉంటుంది. అదే బి-7 అణువుతో, అంతకంటే గట్టిగా జతపడుతుంది. అందువల్ల ఇది కూడా టి కణాన్ని ముందుకు నడిపేదేనని పలువురు భావించారు.

కళ్లెం బయటపడిన వైనం

బర్క్‌లీ ప్రయోగశాలలో మాథ్యూ క్రమ్మెల్ అనే యువ పరిశోధకుడు, అలిసన్ కలిసి ఈ అణువును ఒక యాంటీబాడీ సహాయంతో పరీక్షించారు. ఫలితం ఊహించిన దానికి పూర్తిగా భిన్నంగా వచ్చింది. సి.టి.ఎల్.ఎ.-4 టి కణాన్ని ముందుకు నడపడం లేదు. దానిని ఆపుతున్నది. చికాగోలో జెఫ్రీ బ్లూస్టోన్ బృందం కూడా స్వతంత్రంగా ఇదే నిర్ధారణకు వచ్చింది. 1995లో వేరే ప్రయోగశాలలు ఈ అణువు లేని ఎలుకలను సృష్టించగా, వాటి టి కణాలు అదుపు లేకుండా పెరిగి, సొంత అవయవాలనే ధ్వంసం చేయడంతో అవి పుట్టిన కొద్ది వారాలకే మరణించాయి. ఈ కళ్లెం శరీరానికి ఎంత అవసరమో దీనితో రుజువైంది.

కళ్లెం ఉన్నదని తెలిసిన వారిలో అధికులు, టి కణాలు అతిగా చెలరేగే వ్యాధులను అదుపు చేయడానికి దీనిని వాడవచ్చునని తలచారు. అలిసన్ ఆలోచన వేరొక దిశలో సాగింది. క్యాన్సర్‌ను గుర్తించిన టి కణాలను ఇదే కళ్లెం మధ్యలో నిలిపివేస్తున్నదేమో, కొంతకాలం పాటు దానిని సడలిస్తే అవి తమ పనిని పూర్తి చేస్తాయేమో అన్నది ఆయన ఊహ.

ఈ ఊహను పరీక్షించే తొలి ప్రయోగం 1994 చివరలో జరిగింది. ప్రయోగశాల పరిశోధకుడు డానా లీచ్ కణితులు గల ఎలుకలకు సి.టి.ఎల్.ఎ.-4ను అడ్డుకొనే యాంటీబాడీని ఇచ్చారు. ఆ ఎలుకలలో కణితులు కరిగిపోయాయి. ఫలితం నమ్మశక్యంగా లేకపోవడంతో క్రిస్మస్ సెలవులలోనే ప్రయోగాన్ని మరల నిర్వహించారు. ఏ ఎలుకకు అసలు మందు ఇచ్చినదీ, దేనికి ఇవ్వనిదీ కొలతలు తీసుకొనే వారికి తెలియకుండా జాగ్రత్త వహించారు. ఆ కొలతలు స్వయంగా అలిసనే తీసుకున్నారు. మొదట అన్ని ఎలుకలలోనూ కణితులు పెరుగుతూనే వచ్చాయి. ప్రయోగం విఫలమైనట్లే కనిపించింది. ఆ తరువాత ఒక వర్గం ఎలుకలలో మాత్రం పెరుగుదల ఆగి, కణితులు క్రమంగా అదృశ్యమయ్యాయి. మందు పొందినవి అవేనని అనంతరం తేలింది.

1996లో 'సైన్స్' పత్రికలో ప్రచురితమైన ఈ ఫలితాలలో మరొక విశేషం కలదు. కోలుకున్న ఎలుకలకు అవే క్యాన్సర్ కణాలను తిరిగి ఎక్కించినప్పుడు అవి వాటిని తిరస్కరించాయి. ఒకసారి గెలిచిన రోగనిరోధక వ్యవస్థ ఆ శత్రువును గుర్తుంచుకున్నదన్న మాట. రేడియేషన్‌కు గాని, సాధారణ కీమోథెరపీకి గాని ఈ లక్షణం లేదు.

ప్రయోగశాల నుంచి రోగి వద్దకు

ఎలుకలలో క్యాన్సర్ నయమైనట్లు చెప్పే పరిశోధనలు అనేకం మనుషులలో విఫలమైన అనుభవం ఔషధ సంస్థలకు ఉన్నది. తత్ఫలితంగా ఈ ఆవిష్కరణపై అవి వెంటనే ఆసక్తి చూపలేదు. చివరకు మెడరెక్స్ అనే చిన్న సంస్థ ముందుకు వచ్చి, మనుషులకు తగిన యాంటీబాడీని రూపొందించింది. అదే ఇపిలిముమాబ్. 2009లో మెడరెక్స్‌ను బ్రిస్టల్-మయర్స్ స్క్విబ్ సంస్థ సొంతం చేసుకున్నది.

మనుషులపై పరీక్షలలోనూ ఎలుకలలో కనిపించిన వింతే ఎదురైంది. సాధారణంగా క్యాన్సర్ మందు పనిచేస్తున్నదా లేదా అన్నది కొద్ది వారాలలో కణితి పరిమాణాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఈ మందు తీసుకున్న కొందరిలో కణితి మొదట పెరిగినట్లు కనిపించి, నెలల తరువాత తగ్గింది. కణాలు కణితిలోనికి చేరి పోరాడటానికి వ్యవధి పట్టడమే ఇందుకు కారణం. పాత కొలమానంతో చూస్తే వీరందరిలో చికిత్స విఫలమైనట్లే లెక్క. ఇదే తరగతికి చెందిన మరొక మందుపై జరుగుతున్న తుది దశ పరీక్షను వేరొక సంస్థ 2008లో నిలిపివేసింది. ఇపిలిముమాబ్ విషయంలో మాత్రం కణితి పరిమాణానికి బదులు, రోగి ఎంతకాలం జీవించారన్నదే ప్రమాణంగా స్వీకరించారు.

2010లో వెల్లడైన ఆ పరీక్షలో, శరీరమంతటా వ్యాపించిన మెలనోమా అనే చర్మ క్యాన్సర్ గల 676 మంది పాల్గొన్నారు. పోలిక కోసం ఒక టీకాను మాత్రమే పొందిన వర్గంలో సగం మంది జీవించిన కాలం 6.4 నెలలు కాగా, దానితో పాటు ఇపిలిముమాబ్ పొందిన వర్గంలో అది 10 నెలలుగా నమోదైంది. ఈ దశకు చేరిన మెలనోమా రోగుల ఆయుష్షును ఒక ఔషధం పెంచినట్లు ఇటువంటి పరీక్షలో నిరూపితం కావడం అదే ప్రథమం. 2011 మార్చి 25న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనికి ఆమోదం తెలిపింది.

పైన పేర్కొన్న నెలల తేడా స్వల్పంగా తోచవచ్చును. అసలు విశేషం దీర్ఘకాల ఫలితాలలో ఉన్నది. 1,861 మంది రోగుల వివరాలను క్రోడీకరించి 2015లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం సుమారు 22 శాతం మంది 3 సంవత్సరాల తరువాత కూడా జీవించి ఉన్నారు. ఆ గడువు దాటిన వారిలో అత్యధికులు ఆపై అనేక సంవత్సరాలు జీవించారు. అంతకు పూర్వం ఈ వ్యాధి ఈ దశలో సోకిన వారిలో సగం మంది ఏడాది కూడా బ్రతికేవారు కారు.

క్యోటోలో లభించిన రెండవ కళ్లెం

ఇదే కాలంలో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో డాక్టర్ తసుకు హోంజో ప్రయోగశాల పి.డి.-1 అనే మరొక అణువును 1992లో కనుగొన్నది. కణాల మరణానికి కారణమయ్యే జన్యువుల కోసం వెదుకుతుండగా ఇది లభించడంతో దానికి ఆ పేరు వచ్చింది. ఇది కూడా టి కణాలకు కళ్లెం వంటిదేనని తరువాతి పరిశోధనలలో తేలింది. సి.టి.ఎల్.ఎ.-4 టి కణం బయలుదేరే దశలో ఆపితే, పి.డి.-1 అది కణితి వద్దకు చేరిన తరువాత ఆపుతుంది. అనేక క్యాన్సర్ కణాలు తమ ఉపరితలంపై ఈ కళ్లెాన్ని బిగించే అణువును ధరించి, దాడి నుంచి తప్పించుకుంటున్నాయి.

పి.డి.-1ను అడ్డుకొనే నివొలుమాబ్ అనే యాంటీబాడీకి 2014 జూలైలో జపాన్‌లోనూ, అదే తరగతికి చెందిన పెంబ్రొలిజుమాబ్‌కు 2014 సెప్టెంబరులో అమెరికాలోనూ అనుమతి లభించింది. వీటి దుష్ఫలితాలు ఇపిలిముమాబ్ కంటే సాధారణంగా తక్కువ. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, తల, మెడ భాగాల క్యాన్సర్‌లలోనూ ఇవి ఉపయోగపడుతున్నాయి. 2024లో ప్రచురితమైన ఒక పరీక్ష ఫలితాల ప్రకారం, వ్యాపించిన మెలనోమాకు రెండు కళ్లాలనూ సడలించే మందులను కలిపి తీసుకున్న వారిలో 43 శాతం మంది 10 సంవత్సరాల తరువాత జీవించి ఉన్నారు. అలిసన్, హోంజోలకు 2018వ సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి సంయుక్తంగా లభించిన విషయం విదితమే.

కళ్లెం సడలిస్తే ఎదురయ్యే ప్రమాదాలు

శరీరానికి ఈ కళ్లెం ఊరకనే ఏర్పడలేదు. సి.టి.ఎల్.ఎ.-4 లేని ఎలుకలు మరణించిన విషయాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవలసి ఉన్నది. ఈ మందులు వాడిన వారిలో టి కణాలు పెద్దప్రేవు, కాలేయం, చర్మం, థైరాయిడ్, పిట్యూటరీ గ్రంథుల వంటి ఆరోగ్యకరమైన అవయవాలపై కూడా దాడి చేయవచ్చు. అరుదుగా గుండె కండరాలు సైతం దెబ్బతింటాయి. 2010 నాటి పరీక్షలో పాల్గొన్న 676 మందిలో 14 మంది మరణాలకు పరీక్షలో ఇచ్చిన మందులతో సంబంధం ఉన్నట్లు నివేదించారు. విరేచనాలు, ఆయాసం, తీవ్రమైన నీరసం వంటి లక్షణాలను సకాలంలో గుర్తించి, స్టెరాయిడ్ మందులు ఇచ్చినచో అత్యధికులు కోలుకుంటారు. కనుక ఈ మందు ఇచ్చే ప్రతి చోట ఈ లక్షణాలను గుర్తించగల వైద్యులు, సిబ్బంది ఉండటం తప్పనిసరి. రోగి తన స్వగ్రామానికి వెళ్లిన తరువాత విరేచనాలు ప్రారంభమైతే, అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి కూడా రోగి వాడుతున్న మందు వివరం తెలియాలి.

ఈ చికిత్స అందరికీ పనిచేయదన్న వాస్తవాన్ని కూడా గ్రహించవలసి ఉన్నది. జన్యు మార్పులు అధికంగా గల క్యాన్సర్‌లలో టి కణాలకు గుర్తించదగిన పరాయి తునకలు ఎక్కువగా లభిస్తాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల కలిగే మెలనోమా, పొగ తాగడం వల్ల కలిగే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఈ కోవకు చెందినవి. జన్యు దోషాలను సరిదిద్దుకొనే యంత్రాంగం దెబ్బతిన్న కణితులకు, అవి ఏ అవయవంలో పుట్టినవైనా సరే, పెంబ్రొలిజుమాబ్ వాడవచ్చునని 2017లో అమెరికా అనుమతించడానికి ఇదే ఆధారం. మరోవైపు క్లోమ క్యాన్సర్ వంటి వాటిలో అధిక శాతం రోగులకు ఈ మందుల వల్ల ప్రయోజనం కనిపించడం లేదు. టి కణాలు అసలు కణితిలోనికే ప్రవేశించని చోట కళ్లెం సడలించినా ఫలితం ఉండదు. ఇందుకు గల కారణాలపై ప్రపంచంలోని అనేక విశ్వవిద్యాలయాలలో పరిశోధనలు కొనసాగుతున్నాయి. టి కణాలను అదుపులో ఉంచే మరొక తరగతి కణాలపై పరిశోధనకు 2025వ సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించడం ఈ రంగపు ప్రాధాన్యాన్ని తెలియజేస్తున్నది.

మన దేశంలో పరిస్థితి

పొగాకు, గుట్కా, వక్క నమలడం కారణంగా మన దేశంలో నోటి, గొంతు క్యాన్సర్‌లు అధికంగా ఉన్నాయి. వ్యాధి ముదిరిన దశలో నివొలుమాబ్ వంటి మందులు మేలు చేయగలవని తెలిసినా, వాటి ధర అత్యధికుల శక్తికి మించినది. ఈ నేపథ్యంలో ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు ఒక ముఖ్యమైన ప్రశ్నను పరీక్షకు పెట్టారు. పూర్తి మోతాదు ఇవ్వలేని చోట అత్యల్ప మోతాదు ఇచ్చినా ప్రయోజనం ఉంటుందా అన్నదే ఆ ప్రశ్న.

సాధారణంగా నివొలుమాబ్‌ను 2 వారాలకు ఒకసారి 240 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. ఈ పరీక్షలో 3 వారాలకు ఒకసారి కేవలం 20 మిల్లీగ్రాములు ఇచ్చారు. 6 వారాల కాలానికి లెక్కిస్తే 720 మిల్లీగ్రాములకు బదులు 40 మిల్లీగ్రాములు, అనగా 18వ వంతు మాత్రమే. తల, మెడ భాగాల క్యాన్సర్ ముదిరిన 151 మంది ఇందులో పాల్గొన్నారు. తక్కువ ఖర్చుతో నోటి ద్వారా తీసుకొనే మందులు మాత్రమే పొందిన వారిలో ఏడాది తరువాత 16.3 శాతం మంది జీవించి ఉండగా, ఆ మందులతో పాటు అత్యల్ప మోతాదు నివొలుమాబ్ పొందిన వారిలో 43.4 శాతం మంది జీవించి ఉన్నారు. ఈ ఫలితాలు 2022లో వెల్లడయ్యాయి.

ఈ పరీక్షలో అల్ప మోతాదును పూర్తి మోతాదుతో పోల్చలేదు. కాబట్టి రెండూ సమానమని దీని ఆధారంగా చెప్పడానికి వీలు లేదు. కాని అసలేమీ అందని రోగికి కొంత అందించగలిగితే ఎంత మేలు జరుగుతుందో ఇది స్పష్టం చేసింది. మందు తయారీదారులు చేయని ఇటువంటి పరీక్షలను ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థలే చేపట్టవలసి ఉంటుంది. ఇదే తరగతికి చెందిన దుర్వాలుమాబ్‌తో సహా 3 క్యాన్సర్ మందులపై దిగుమతి సుంకాన్ని కేంద్ర ప్రభుత్వం 2024 జూలై బడ్జెట్‌లో పూర్తిగా మినహాయించింది. సుంకం తగ్గింపు, మోతాదుపై పరిశోధన, దేశీయ ఉత్పత్తి, ఆరోగ్య బీమా పథకాల పరిధి అన్నవి ఒకదానికొకటి తోడైనప్పుడే ఈ చికిత్స సామాన్యునికి చేరువ కాగలదు.

ప్రచారంలో పాటించవలసిన జాగ్రత్తలు

రోగనిరోధక శక్తిని పెంచుతాయంటూ బజారులో విక్రయించే పొడులకు, కషాయాలకు, మాత్రలకు ఈ చికిత్సతో ఎటువంటి సంబంధం లేదు. ఇమ్యునోథెరపీ నిర్దిష్టమైన ఒక అణువును అడ్డుకొనే ఔషధం. దానిని నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే ఇవ్వాలి. పేరులోని పోలికను ఆసరాగా చేసుకొని చేసే ప్రకటనలను నమ్మి, చికిత్సకు అనుకూలమైన తొలి దశను రోగులు పోగొట్టుకోరాదు.

కొత్త క్యాన్సర్ మందు గురించిన సమాచారం అందినప్పుడు పాత్రికేయులు కొన్ని ప్రశ్నలు వేయడం ఉచితం. ఆ ఫలితం ఎలుకలలో లభించినదా, మనుషులలోనా? కణితి తగ్గిందా, ఆయుష్షు పెరిగిందా? ఎంతమందిలో పనిచేసింది, ఎంతమందిలో పనిచేయలేదు? దేనితో పోల్చారు? దుష్ఫలితాలేమిటి, ఖర్చు ఎంత? ఈ ప్రశ్నలకు సమాధానం లేని వార్త రోగుల కుటుంబాలను అప్పులలోనికి నెట్టే ప్రమాదం ఉన్నది.

వ్యాధి రాకుండా కాపాడుకొనే విషయంలో రోగనిరోధక వ్యవస్థకు మనం చేయగల సాయం అతి తక్కువ ఖర్చుతో కూడినది. హెపటైటిస్-బి టీకా కాలేయ క్యాన్సర్ నుంచి, హెచ్.పి.వి. టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి రక్షణ కల్పిస్తాయి. పొగాకుకు దూరంగా ఉండటం, నోటిలో మానని పుండ్లు కనిపించిన వెంటనే వైద్యుని సంప్రదించడం ఎంత ఖరీదైన మందు కంటేనైనా ఎక్కువ ప్రాణాలను కాపాడగలవు.

మౌలిక పరిశోధన ఆవశ్యకత

తాను క్యాన్సర్‌ను జయించే ఉద్దేశంతో కాక, టి కణాల పనితీరును అర్థం చేసుకోవాలన్న ఆసక్తితో పరిశోధన ప్రారంభించానని నోబెల్ బహుమతి ప్రకటన అనంతరం అలిసన్ పేర్కొన్నారు. బాల్యంలోనే తల్లిని క్యాన్సర్ కారణంగా కోల్పోయిన వ్యక్తి ఈ మాట చెప్పడం గమనార్హం. సి.టి.ఎల్.ఎ.-4ను గుర్తించిన 1987 నుంచి ఔషధం ఆమోదం పొందిన 2011 వరకు 24 సంవత్సరాలు పట్టింది. ఫ్రాన్స్‌లో కనుగొన్న అణువు, బర్క్‌లీలోనూ, చికాగోలోనూ తేలిన దాని స్వభావం, క్యోటోలో లభించిన రెండవ కళ్లెం, ముంబయిలో పరీక్షించిన అల్ప మోతాదు, ఇవన్నీ ఒక దానిపై ఒకటి నిలిచిన మెట్లు. తొలి మెట్టు కట్టిన నాడు చివరి మెట్టు ఎక్కడికి చేరుతుందో ఎవరికీ తెలియదు.

విశ్వవిద్యాలయాలలోని ప్రయోగశాలలకు నిధులు కేటాయించే సందర్భంలో, తక్షణ ప్రయోజనం ఏమిటన్న ప్రశ్న సహజంగా తలెత్తుతుంది. టి కణం ఎందుకు ఆగుతున్నదన్న ప్రశ్నకు 1990లో ఆ పరీక్ష పెట్టి ఉంటే బహుశా అది నెగ్గి ఉండేది కాదు. మౌలిక పరిశోధనను ఓపికతో పోషించడం, దాని ఫలితాన్ని పేద రోగి వరకు చేర్చే మార్గాన్ని వెదకడం, ఈ రెండూ ప్రభుత్వాల, సమాజం యొక్క ఉమ్మడి బాధ్యతలని ఈ పరిశోధన చరిత్ర విశదం చేస్తున్నది.